బల్లల బండి

బీర్ ఖరూబ్ కూడలిలో తెల్లవారకముందే మౌల్దీ పెజో బండి ఇంజను దడదడలాడుతూ ఉంటుంది. ఆడవాళ్ళు ఒక్కొక్కరే వెనక తొట్టిలోకి ఎక్కుతుంటారు. బండి మాత్రం కదలదు. అందరూ రెండు బల్లల మీదా సర్దుకుని, రొట్టె మూటలు ఒళ్ళో పెట్టుకుని, తలగుడ్డలు బిగించుకున్నాక, వాళ్ళలో పెద్దదైన హలూమా తన వేలికున్న మేక కొమ్ముతో క్యాబిన్ రేకు మీద టకటకమని తడుతుంది. అందరం కూర్చున్నాం, ఇక పోనీయమని దానర్థం. ఆలివ్ కొమ్మల్ని దువ్వి కాయలు రాల్చడానికి వేళ్ళకు తొడుక్కునే కొమ్ములవి. మిగతావాళ్ళు చేను చేరాక తొడుక్కుంటారు. హలూమా ఒక్కతే ఈ తట్టుడు కోసం ఇంటి దగ్గరే ఒక వేలికి తొడుక్కుని వస్తుంది.

ఆ చప్పుడు విన్న ప్రతిసారీ ముందు సీట్లో ఉన్న జాజియా వీపు తనంతట తనే నిటారు అయ్యేది. చుట్టుపక్కల ఎన్ని బండ్లు కూలీల్ని చేలకు చేరవేస్తున్నా, ఆడవాళ్ళు కూర్చుని వెళ్ళే బండి ఒక్కటే ఉంది. ఆ బండి తన మొగుడిది. ఆ బల్లలు ముసలి ఆలివ్ మొద్దుతో ఆయన స్వయంగా చిత్రిక పట్టి బిగించినవి. పరాయి ఊరి ఆడవాళ్ళు కూడా, "నువ్వు బల్లల బండి మౌల్దీ పెళ్ళానివి కదూ" అని అడిగితే, జాజియా కాదనేది కాదు, అంత తొందరగా ఔననేదీ కాదు. ఇంకోసారి అడగనిచ్చేది.

ఆమె ముందు కూర్చోవడానికి పని కూడా ఒకటుంది. స్టీరింగు పక్కనుండే గేరు కర్ర మూడో గేరులో నిలవదు, ఎత్తు ఎక్కేటప్పుడు జారిపోతుంది. ఎడమ చేత్తో దాన్ని పట్టి ఉంచడం జాజియా వంతు. ఎప్పుడు పట్టాలో ఎప్పుడు వదలాలో మౌల్దీ చెప్పక్కర్లేదు, ఆమె చూడక్కర్లేదు. తను ఈ కర్రని పట్టుకున్నంత గట్టిగా పెళ్ళినాడు ఆయన తన చెయ్యి పట్టుకోలేదని ఆమె అంటే, ఆ రోజూ పట్టుకున్నది నువ్వే కదా, నేను కాదు అనేవాడు ఆయన.

ఆ బుధవారం వాగు దాటి ఎత్తు ఎక్కుతుండగా గేరు జారలేదు. అడుగు నుంచి ఏదో కిర్రుమంది. తర్వాత ఎండుకట్టె విరిచినట్టు ఫట్‌మని చప్పుడు. తొట్టి ఒకవైపు కుంగింది, బండి ఆగిపోయింది.

మౌల్దీ దిగి కిందికి వంగి చూశాడు. ఆడవాళ్ళు మూటలు బల్లల మీద వదిలి దిగి, ఒంటికి చుట్టుకున్న మెలియా అంచులు నడుముకు దోపుకుని వెనక నుంచి తోయడం మొదలుపెట్టారు. మౌల్దీ స్టీరింగు పట్టుకున్నాడు. జాజియా కూడా దిగబోతే, "నువ్వు కర్ర పట్టుకో" అన్నాడు ఆమె వైపు చూడకుండానే.

సరిగ్గా అప్పుడే వెనక నుంచి, కూలీల్ని మోసే బషీర్ బండి వచ్చింది. తొట్టి నిండా నిలబడ్డ ఆడవాళ్ళు, ఒకరి భుజాలు ఒకరు పట్టుకుని. బషీర్ వేగం తగ్గించి, కిటికీలోంచి మోచెయ్యి బయటపెట్టి నవ్వాడు.

"బాబాయ్! ఆడవాళ్ళని కూర్చోబెట్టి తీసుకెళ్తావని విన్నా. వాళ్ళే నిన్ను కూర్చోబెట్టి తీసుకెళ్తున్నారే!"

తోస్తున్న ఆడవాళ్ళలోనే ఎవరో కిసుక్కుమన్నారు. మౌల్దీ చెవులు ఎర్రబడ్డాయి. ఎత్తు మీదికి చేరేదాకా ఆయన తల తిప్పలేదు.

మెకానిక్ ఖమీస్ షెడ్డు సఫాక్స్ పట్నం పోయే రోడ్డు మీద ఉంది. అతను బండి కింద దూరి, స్క్రూడ్రైవరుతో చాసీని పొడిచాడు. నానిన రొట్టెలో దిగినట్టు దిగింది. తుప్పు పొడి ముఖం మీద రాలుతుంటే తుమ్ముతూ బయటికొచ్చాడు.

"ఇంజను మన ఇద్దర్నీ శ్మశానం దాకా దిగబెట్టి తిరిగి రాగలదు బాబాయ్. వెన్నెముకే పోయింది."

"అతుకుతుందా?"

"చావుకి తప్ప అన్నిటికీ వెల్డింగుంది. తొట్టి ఊడదీయాలి, రెండు పక్కలా కొత్త ఇనుము వేయాలి, ముందు నుంచి వెనక దాకా. వారం పని. ఈ ఏటి కాపు మీద నీకు మిగిలేదంతా దానికే పోతుంది, అది కూడా ముందే చెప్తున్నా. తర్వాత నా గొంతు పట్టుకోకు."

మౌల్దీ బానెట్ మీద అరచెయ్యి ఆనించి నిలబడ్డాడు. ఇంజను వేడి ఇంకా తగ్గలేదు. "బాగు చేయమనట్లేదు, వద్దనట్లేదు. ఉండనీ" అన్నాడు.

ఆ సాయంత్రం సఫాక్స్ నుంచి కొడుకు లస్సాద్ వచ్చాడు. అక్కడ స్పేర్ పార్టుల కొట్లో పనిచేస్తాడు కాబట్టి ఊళ్ళో ఎవరి బండి మూలిగినా వాడికి ముందు తెలుస్తుంది. కుస్‌కుస్ పళ్ళెం చుట్టూ ముగ్గురూ కూర్చున్నారు. వాడు చెంచా ముంచకముందే మొదలుపెట్టాడు.

"నాన్నా, జపాన్ బండి ఒకటి చూశాను. కాస్త వాడిందే, కానీ పెళ్ళికూతురిలా ఉంది. మన పెజోని బషీర్ తీసుకుంటానంటున్నాడు, ఇంజను కోసం. ఆ డబ్బు బయానాకి సరిపోతుంది. మిగతాది నెలనెలా కంతులు."

"కంతులు ఎవరు కడతారు?" అంది జాజియా.

"బండే కట్టుకుంటుందమ్మా. బషీర్ బండి కట్టుకోవట్లా?"

"మరి బల్లలు?"

లస్సాద్ చెంచాతో మెతుకులు అటూ ఇటూ నెట్టాడు. "బల్లలుంటే డజను మందే పడతారు. బల్లలు తీసేస్తే..." అని ఆగాడు.

"తీసేస్తే ఏంటో చెప్పరా."

"లోకమంతా నిలబడే వెళ్తోందమ్మా! మనమేమన్నా పెట్టిపుట్టామా? అరగంట దారి. నిలబడితే కాళ్ళు అరిగిపోతాయా?"

"అంటే కంతులు కట్టేది బండి కాదు, ఆ ఆడవాళ్ళ కాళ్ళు."

"నువ్వెప్పుడూ ఇంతే. మాటకి ముందు కత్తి దూస్తావు."

ఇద్దరూ మౌల్దీ వైపు చూశారు. ఆయన రొట్టె తుంచి హరీసా కారంలో అద్ది, దాన్ని తినకుండా చేతిలోనే పట్టుకున్నాడు.

"ఈ రోజు నన్ను తోసుకుంటూ పోయారు" అన్నాడు నెమ్మదిగా. "నవ్వారు కూడా. వాళ్ళ తప్పేం లేదు, నాకైనా నవ్వొచ్చేది. నలుగురి ముందు ఎత్తు ఎక్కలేని బండికి బల్లలుంటే ఎంత, లేకపోతే ఎంత?"

కొడుకుతో వాదించడం జాజియాకు చిటికెలో పని. చిన్నబోయిన మొగుడితో ఎలా వాదించాలో ఆమె ఇంతవరకూ నేర్చుకోలేదు. ఆయన చిన్నబోవడం ఆమె ఎప్పుడైనా చూస్తే కదా.

లస్సాద్ జేబులోంచి కాగితం పొట్లం తీసి గూట్లో పెట్టాడు. ఎండిన చేప తోక. కొత్త బండికి దిష్టి తగలకుండా అద్దం దగ్గర కట్టేది. బండి ఇంకా కొనలేదు, తోక మాత్రం వచ్చి కూర్చుంది.

పని ఆగదు కదా. మర్నాడు ఆడవాళ్ళంతా బషీర్ బండి కోసం, అది రోజూ మోసే ఇంకో ఊరి ముఠాతో కలిసి, కూడలిలో నిలబడ్డారు. బషీర్ దిగి, ప్లాస్టిక్ క్యానులోంచి తొట్టి అంతటా నీళ్ళు గుమ్మరించాడు. పొలం తడిపినంత శ్రద్ధగా, మూలలతో సహా. కింద తడిగా ఉంటే ఎవరూ కూర్చోరు. కూర్చోకపోతే రెండింతల మంది పడతారు. ఈ సంగతి అందరికీ తెలిసిందే. దాన్ని ఎవరూ వింతగా చూడరు.

"ఎక్కండమ్మా ఎక్కండి, కడిగి పెట్టాను, అద్దంలా ఉంది" అన్నాడు. జాజియాను చూసి గొంతు మెత్తబడింది. "నువ్వు వెనకెందుకు పిన్నీ? మౌల్దీ బాబాయ్ భార్యవి. ముందుకి రా."

జాజియా ముందు ఎక్కింది. అలవాటు కాళ్ళని లాక్కుపోయింది. తలుపు వేసుకున్నాక గాని ఆమెకు తను ఏం చేసిందో తెలియలేదు. క్యాబిన్ వెనక కిటికీ వైపు చూస్తే హలూమా చెంప దాని అద్దానికి అదుముకుని ఉంది. జనం ఒత్తిడికి ముసలిదాని ముక్కు పక్కకి ఒరిగి, ఒక కన్ను సగం మూసుకుపోయింది. జాజియా కనపడగానే హలూమా నవ్వింది. నవ్వడానికి చోటు లేక ఆ నవ్వు వంకరగా వచ్చింది.

ఎవరూ రేకు మీద తట్టలేదు. బషీర్ ఎవరి తట్టుడు కోసమూ ఆగే మనిషి కాడు. మలుపులో బండి ఒరిగినప్పుడల్లా వెనక నుంచి ఒక్కటిగా "యా లతీఫ్" అని దేవుణ్ణి తలుచుకునే అరుపు వినిపించింది. జాజియా ఎడమ చెయ్యి పట్టుకోవడానికి ఏమీ లేక ఒళ్ళో పడి ఉంది.

ఆ రోజంతా ఆమె ఎవరి కళ్ళలోకీ చూడకుండా పని చేసింది. చెట్టు కింద వల పరిచి, నిచ్చెన వేసి, కొమ్ముల వేళ్ళతో రెమ్మల్ని జడ దువ్వినట్టు దువ్వితే కాయలు వాన చప్పుడుతో రాలతాయి. చేతులు నిండా పని ఉంటే తల ఎత్తక్కర్లేదు. మధ్యాహ్నం రొట్టె దగ్గర కూర్చున్నప్పుడు మాత్రం, ముఠాకి పెద్ద తనే కాబట్టి, లెక్క తప్పని కన్ను ఒకటి ఉంటుంది కదా, అది ఊరుకోలేదు. ఈ రోజు ముఠాలో అందరూ ఉన్నారు. ఎవరూ మానలేదు.

తమ బండిలో వచ్చినప్పుడు రోజూ ఇద్దరో ముగ్గురో మానేవాళ్ళు. ఒకరికి పిల్లాడి జ్వరం, ఒకరికి అత్తగారి కీళ్ళు, ఒకరికి ఇంట్లో చుట్టాలు. జాజియా వాళ్ళని దుమ్మెత్తిపోసేది. "వయసులో ఉండి ఇదేం బద్ధకమే, నేను మీ వయసులో నిండు నెలలతో నిచ్చెనెక్కాను" అని. జీనా అనే పడుచుకి ఈ తిట్లు అందరికంటే ఎక్కువ పడ్డాయి.

మర్నాడు బషీర్ ముందు తలుపు తెరిచి పట్టుకున్నా జాజియా అటు పోలేదు. వెనక ఎక్కి జీనా పక్కన నిలబడింది. నీళ్ళు చెప్పుల్లోకి వచ్చాయి. బండి కదిలేసరికి ఎవరిదో గడ్డం ఆమె భుజానికి కొట్టుకుంది, ఆమె మోచెయ్యి ఎవరి రొమ్ములోనో గుచ్చుకుంది. పట్టుకోవడానికి పైన కమ్మీ లేదు. మనిషే మనిషికి కమ్మీ.

"మీ అత్తగారికి కీళ్ళు తగ్గాయా?" అంది జాజియా, ఏదో ఒకటి మాట్లాడాలని.

జీనా పక్కవాళ్ళని చూసింది. పక్కవాళ్ళు హలూమాని చూశారు.

"చెప్పవే, ఇంకా దాచేదేముంది" అంది హలూమా. "బండే పోయాక."

"మా అత్తకేం వదినా, గుర్రంలా ఉంది" అంది జీనా. "నన్ను తన్నమన్నా తన్నగలదు."

"మరి ఆ మానడాలు?"

"బల్ల మీద డజను మందిమే కదా పట్టేది. ముఠాలో పదిహేను మందిమి. అందుకని వంతులేసుకున్నాం. ఈ రోజు ముగ్గురం మానితే రేపు ఇంకో ముగ్గురు."

"మానిన రోజు కూలీ?"

"మానిన రోజు కూలీ ఎవడిస్తాడు?"

బండి గుంతలో పడి లేచింది. అందరూ ఒకరి మీద ఒకరు పడి మళ్ళీ నిలబడ్డారు. జాజియా, "నాకెందుకు చెప్పలేదు?" అంది.

"నీకు చెప్తే మౌల్దీకి చెప్తావు" అంది హలూమా. "మౌల్దీది మెత్తటి మనసు. పోన్లే పాపం అని ఇంకొకర్ని ఎక్కించుకుంటాడు. ఆ ఒకరూ నిలబడాలి. ఒకరు నిలబడ్డాక ఇద్దరు నిలబడతారు. ఇద్దరు నిలబడ్డాక బల్లలెందుకు?" ముసలిది ఊపిరి తీసుకుంది. "చేనికి పోయి బానిసలా పని చేస్తాం. పోయేటప్పుడన్నా మనిషిలా కూర్చుని పోదామనుకున్నాం. ఎవరు చెప్తే చేసింది కాదు. మాకు మేమే అనుకున్నాం."

ఆ మాటన్నప్పుడు ఆమె నిలబడ్డ తీరు జాజియాకు బాగా తెలుసు. ఆ నిటారు వీపు తనదే అనుకుంది ఇన్నేళ్ళూ. బల్లలు మౌల్దీ చేశాడు నిజమే. వాటి మీద కూర్చోవడానికి ఖరీదు కట్టింది మాత్రం వీళ్ళు, వారానికో కూలీ చొప్పున, తన చేత తిట్లు కూడా తింటూ. సిగ్గుతో ఆమె ముఖం మండింది. అంతలోనే, ఎందుకో తెలియదు, ఆ జనంలో ఇరుక్కుని, తడి చెప్పులతో, వీళ్ళంతా తన వాళ్ళన్న గర్వంతో ఆమెకు కళ్ళు నిండాయి.

శనివారం ఉదయం చలి గట్టిగా ఉంది. బషీర్ ఈసారీ క్యాను బోర్లించి, ఆఖరి చుక్కదాకా దులిపి, తలుపు దగ్గర నిలబడ్డాడు. ఆడవాళ్ళు మెలియా అంచులు ఎత్తి పట్టుకున్నారు.

జాజియా అందరికంటే ముందు ఎక్కింది. నేరుగా క్యాబిన్ గోడ దాకా నడిచి, వెనక్కి తిరిగి, నీళ్ళలో చతికిలబడి కూర్చుంది.

"ఏమే, నీళ్ళే!" అంది హలూమా.

"నీళ్ళే కదా. విషం కాదుగా."

హలూమా ఒక్క క్షణం చూసింది. మోకాళ్ళు పట్టుకుని మూలుగుతూ ఆమె పక్కన కూలబడింది. చల్లదనం తగలగానే "అమ్మో, ఇదేదో మా ఆయన కంటే చల్లగా ఉందే" అంది. నవ్వుకుంటూ జీనా కూర్చుంది. తర్వాత ఒకరి వెంట ఒకరు కూర్చుంటూ పోయారు. బాగా నింపితే ఇరవై ఐదు మంది పట్టే తొట్టి సగం మందితోనే నిండిపోయింది. తమ ముఠాలో ఇద్దరూ, ఇంకో ఊరి ముఠా వాళ్ళంతా రోడ్డు మీదే మిగిలిపోయారు.

బషీర్‌కి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక క్యాను నేలకేసి కొట్టాడు.

"లేవండి! లేవండంటున్నా! మిగతావాళ్ళు ఎక్కడెక్కాలి?"

"వాళ్ళ కోసం మళ్ళీ రా" అంది జాజియా కూర్చున్న చోటు నుంచే. "రోడ్డెక్కడికీ పోదు."

"రెండు ట్రిప్పులా? డీజిలు మీ అయ్య పోస్తాడా?"

"మా అయ్య సమాధిలో ఉన్నాడు, ఆయన్నెందుకు లేపుతావు? నీ క్యానులో నీళ్ళు పోసినంత సులువుగా పోసుకో."

రోడ్డు మీద నిలబడ్డవాళ్ళు గొణుగుతారనీ, బండెక్కిన వాళ్ళని లేపుతారనీ బషీర్ వాళ్ళ వైపు తిరిగాడు. ఆ ముఠా పెద్ద ఎవరో నల్లటి సన్నటి మనిషి, మూట కింద పెట్టి దాని మీద కూర్చుంది. "మేం ఆగుతాం" అంది.

"ఇట్లాగే సగం బండితో పోతా, మీ మేస్త్రీకి చెప్తా!"

"చెప్పు. కూర్చున్నారు అని చెప్పు" అంది హలూమా. జేబులోంచి మేక కొమ్ము తీసి వేలికి తొడుక్కుని, తల వెనకనున్న రేకు మీద టకటకమని తట్టింది.

బషీర్ కాసేపు చిందులు తొక్కాడు. వెలుతురు వస్తోంది, చేలో మేస్త్రీ ఎదురుచూస్తూ ఉంటాడు. ఖాళీ చేతుల కంటే సగం చేతులు నయం. తలుపు విసిరికొట్టి బండి తీశాడు. ఆడవాళ్ళు చలికి పళ్ళు టకటక కొట్టుకుంటూ, ఒకరి ఒళ్ళో ఒకరు ఒదిగి, చేను దాకా పాడుతూనే పోయారు. ఆ రోజు బషీర్ రెండు ట్రిప్పులు వేశాడు.

జాజియా ఇల్లు చేరేసరికి పొద్దు వాలి అసర్ నమాజు అయింది. మెలియా వెనక భాగం బురద ఎండి అట్టకట్టి ఉంది. మౌల్దీ గుమ్మంలో కూర్చుని టీ కాస్తున్నాడు. లస్సాద్ లోపల గడ్డం గీసుకుంటున్నాడు. పెజో బేరం ఖాయం చేసుకోవడానికి బషీర్ వస్తానన్నది ఆ సాయంత్రమే.

"ఎక్కడ పడ్డావే?" అన్నాడు మౌల్దీ ఆమె బట్టలు చూసి.

"పడలేదు. కూర్చున్నాను."

ఆయన ఇంకేదో అడిగేలోపు బషీర్ మోటారు సైకిలు వాకిట్లో ఆగింది. దిగకుండానే మొదలుపెట్టాడు. "బాబాయ్, బేరం బేరమే, కానీ ముందు నీ పెళ్ళాన్ని అదుపులో పెట్టుకో. నా బండిలో నలుగురి ముందు నా పరువు తీసింది."

"ఏం చేసింది?"

"నీళ్ళలో కూర్చుంది! తను కూర్చోవడమే కాక అందర్నీ కూర్చోబెట్టింది. నాకు రెండు ట్రిప్పులు పట్టింది!"

మౌల్దీ టీ కెటిల్ పొయ్యి మీంచి దించాడు. ఆడవాళ్ళు ఎత్తు మీద తోసిన రోజు నుంచీ వంగి ఉన్న ఆయన మెడ మెల్లగా లేచింది. జాజియా వైపు చూశాడు, ఆ బురద వైపు చూశాడు.

"ఇంతేగా? కూర్చుంది. అంతేగా?"

"అంతేనా అంటావేంటి బాబాయ్?"

"మా ఇంట్లో అదొక జబ్బురా అబ్బాయ్. ఎక్కడికెళ్ళినా కూర్చుంటాం." గ్లాసులోకి టీ నురగ వచ్చేలా పైనుంచి పోశాడు. "తాగి వెళ్ళు. పెజో అమ్మట్లేదు."

లస్సాద్ ముఖానికి సగం నురగతో బయటికొచ్చాడు. "నాన్నా! ఆ జపాన్ బండి అతనికి మాటిచ్చాను!"

"నేనివ్వలేదు కదా."

బషీర్ టీ తాగకుండానే పోయాడు. పోతూ పోతూ, తుప్పు ఇనుముని కౌగిలించుకుని పడుకోండి అన్నాడు. ఆ మాటకి మౌల్దీ నవ్వాడు. అది పైపై నవ్వని జాజియాకు తెలుసు, అయినా నవ్వు నవ్వే.

అప్పుడు చెప్పిందామె, ఆ పదిహేను మంది సంగతి. వంతుల సంగతి, కీళ్ళ నొప్పి లేని అత్తగారి సంగతి, తన తిట్ల సంగతి. మౌల్దీ నవ్వు ఆగిపోయింది. గ్లాసు కింద పెట్టాడు.

"అంటే రోజూ ముగ్గుర్ని ఇంట్లో వదిలేసి, నేనేదో ఒరగబెట్టినట్టు ఊరంతా మీసం తిప్పుతూ తిరిగానన్నమాట."

"నేను అంతకంటే. నేను వాళ్ళని తిట్టాను కూడా."

మౌల్దీ పొయ్యిలో బొగ్గుల్ని పుల్లతో కెలికాడు.

"రెండు ట్రిప్పులు" అన్నాడు మౌల్దీ. "ఇంకాస్త ముందు లేస్తాను. ముందు కొందరు, తర్వాత మిగతావాళ్ళు. ఒక్కరూ మానక్కర్లేదు, ఒక్కరూ నిలబడక్కర్లేదు."

"బండి మోస్తుందా రెండు ట్రిప్పులు?"

"ఖమీస్ గొంతు పట్టుకుంటే మోస్తుంది."

"ఇంకో మాట" అంది జాజియా. "ఇక నేను ముందు కూర్చోను. ఆ సీటు కూడా వంతులే. మొదటి వంతు హలూమాది."

"గేరు కర్ర ఎవరు పట్టుకుంటారే?"

"ముందు కూర్చున్నవాళ్ళు పట్టుకుంటారు. నేనేమన్నా తల్లి కడుపులో నేర్చుకున్నానా?"

లస్సాద్ గడ్డం సగంలో వదిలేసి గోడకి ఆనుకుని అంతా విన్నాడు. "మీ ఇద్దరికీ మతి పోయింది" అన్నాడు. రాత్రి బస్సుకి సఫాక్స్ వెళ్ళిపోయాడు. చేప తోక గూట్లోనే ఉండిపోయింది.

వెల్డింగు జరిగినన్నాళ్ళూ జాజియా ముఠా బషీర్ బండిలోనే వెళ్ళింది. బషీర్ నీళ్ళు పోయడం మానలేదు. వాళ్ళు కూర్చోవడమూ మానలేదు. గొర్రె తోళ్ళూ గోనె సంచులూ తెచ్చుకుని వేసుకునేవాళ్ళు. ఖమీస్ షెడ్డులో పెజో తొట్టి గోడకి ఆనించి ఉంది, చక్రాల మీద ఎముకల గూడు మాత్రం మిగిలింది. మౌల్దీ పొద్దుటి నుంచి సాయంత్రం దాకా అక్కడే పీట వేసుకుని, వెల్డింగు మెరుపుల్లోకి చూసి కళ్ళు ఎర్రజేసుకుని, ఖమీస్‌కి అక్కర్లేని సలహాలిచ్చి తిట్లు తిన్నాడు. విప్పిన బల్లల్ని ఖాళీగా ఉంచడం ఇష్టం లేక గరుకు కాగితంతో రుద్ది, ఆలివ్ నూనె పట్టించాడు.

తొట్టి తిరిగి బిగించే రోజు లస్సాద్ వచ్చాడు. ఎవరితోనూ మాట్లాడకుండా చొక్కా చేతులు మడిచి కింద దూరి బోల్టులు బిగించాడు. కొట్టు నుంచి తెచ్చిన కొత్త క్లచ్ ప్లేటు ఖమీస్ చేతిలో పెట్టి, "ఇది నా తరఫున" అని మాత్రం గొణిగాడు. అన్నీ అయ్యాక జేబులోంచి కాగితం పొట్లం తీశాడు. గూట్లోంచి ఎప్పుడు తీశాడో తెలియదు.

"అది కొత్త బండికి కట్టేదిరా" అన్నాడు మౌల్దీ.

"తెలుసు" అంటూ వాడు తోకని అద్దం దగ్గర కట్టి ముడి లాగాడు.

ఆ సోమవారం తెల్లవారుజామున కూడలిలో పెజో నిలబడింది. హలూమా ముందు సీటు ఎక్కడానికే పెద్ద తతంగం అయింది. చెప్పులు దులుపుకుంది, సీటు తడిమింది, కిటికీ దించింది, ఎత్తింది, మళ్ళీ దించింది. వెనక జాజియా జీనాకీ ఇంకొకరికీ మధ్య సర్దుకుంది. బల్ల నున్నగా, నూనె వాసనతో ఉంది. ఇన్నేళ్ళలో దాని మీద కూర్చోవడం ఆమెకు ఇదే మొదటిసారి. బండి కదలకపోతే, ఎందుకా అని అటూ ఇటూ చూసింది. అందరూ తనవైపే చూస్తున్నారు.

"తట్టు వదినా" అంది జీనా. "ఇంక అది నీ పని."

జాజియా మేక కొమ్ము తొడుక్కుని తట్టింది. మౌల్దీ గేరు వేశాడు.

వాగు దాటాక ఎత్తు మొదలైంది. ముందు నుంచి మౌల్దీ గొంతు వినపడింది. "మూడో గేరు! పట్టుకో హలూమక్కా! వదలకు!" "పట్టుకున్నానయ్యా! ఇదేంటిది, మేకపోతు కొమ్ములా గింజుకుంటోంది!" అని హలూమా. బండి ఒక్కసారి తుళ్ళింది, వెనకవాళ్ళంతా కేక వేశారు. అయినా కుంగలేదు, ఆగలేదు. ఇంజను బొంగురు గొంతుతో ఎత్తు ఎక్కుతూ పోయింది.

వెనక నుంచి హారను మోగిస్తూ బషీర్ బండి వచ్చింది. అతని తొట్టి ఎప్పటిలాగే నిండుగా ఉంది. ఈసారి ఇంకేదో ఊరి ముఠా కూడా కలిసింది. పక్క నుంచి దాటిపోతుంటే జాజియా ఆ తలల వరసని చూసింది. రంగురంగుల తలగుడ్డలు, భుజాలు పట్టుకున్న చేతులు. మధ్యలో ఒకచోట తలలు లేవు. నలుగురైదుగురు పట్టే మేర ఖాళీ. కింద పడ్డారేమోనని ఆమె లేచి తొంగి చూసింది. గోనె సంచి పరుచుకుని కొందరు కూర్చుని ఉన్నారు. వాళ్ళలో, ఆ శనివారం రోడ్డు మీద ఆగిన నల్లటి సన్నటి మనిషి తలెత్తి జాజియాను చూసి, చెయ్యి ఊపలేదు, నవ్వలేదు. కాళ్ళు ఇంకొంచెం చాపుకుంది.

జాజియా కూర్చుంది. ఆమె మేక కొమ్ము వేలు తనంతట తనే రేకు మీద టకటకమని తట్టింది.

"ఏమైందే? కదులుతూనే ఉన్నాంగా!" అని అరిచాడు మౌల్దీ ముందు నుంచి.

"ఏం కాలేదు" అని అరిచింది జాజియా. "పోనీయ్!"